క్యాలెండరు మీద ఏనుగు వద్దనడం లేదు, ఆ ఏనుగు ఫోటో వద్దంటున్నాం

పోస్టు పొడవుగా ఉంటుంది, మా సంగతి మీకు తెలిసిందే. కాఫీ కలుపుకుని కూర్చుని చదవండి. చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టి పోకండి.

విషయం ఇది. వచ్చే ఏడాది సంఘం క్యాలెండరులో మన పిల్లలు తీసిన ఫోటోలు వేయాలని కమిటీలో మాట వచ్చింది. మంచి మాట. ఎన్నేళ్ళు అవే దేవుళ్ళ బొమ్మలు, అవే నగల అంగడి ప్రకటనలు? అయితే ముఖచిత్రానికి ఎంచినవి మన కుటుంబాల్లోనే ఒక కొత్త జంట అడవి దారిలో కారు ప్రయాణం చేసి తీసిన ఫోటోలు. పైగా పొంగల్ సెలవుల్లో అదే దారిలో రెండు వ్యాన్లు పెట్టి కొత్త దంపతులందరినీ తీసుకుపోదామనే ప్రతిపాదన కూడా వచ్చింది. రెండూ వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తాయి. రెండింటినీ ఇప్పుడున్న రూపంలో మేము వ్యతిరేకిస్తున్నాం.

మేము అంటే ఎవరు అని అడుగుతారు. ఆదివారం పొద్దున సంఘం భవనం వరండాలో కూర్చునే రిటైర్డు వాళ్ళం. ఒకరు మిల్లు, ఒకరు కరెంటు బోర్డు, రాసే చెయ్యి రైల్వే గుమాస్తాది. తమిళ మీడియం చదువు, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక దిద్దుకున్నవి. భాష మీద ఎంతైనా వాదించండి, విషయం మీద మాత్రం జవాబు చెప్పండి.

ముందుగా ఒక మాట. ఆ అబ్బాయి, ఆ అమ్మాయి మన పిల్లలు. వాళ్ళను నలుగురిలో నిలబెట్టి తిట్టడం మా ఉద్దేశం కాదు, అందుకే పేర్లు రాయడం లేదు. కష్టపడి సంపాదించి, సొంత కారు కొని, ఆ అమ్మాయి కూడా స్టీరింగు పట్టి ఘాట్ రోడ్డు నడిపింది. మన ఇళ్ళలో ముప్పై ఏళ్ళ కింద ఇది ఊహించగలమా? అది చూసి మేమూ సంతోషించాం. మా గొడవ వాళ్ళతో కాదు. ఆ ఫోటోలను ఇంటింటి గోడకు ఏడాది పాటు తగిలించి, "ఇలా చేయండి" అని మన పిల్లలందరికీ చెప్పబోతున్న పెద్దలతో.

వాళ్ళు వెళ్ళిన దారి మీలో చాలామందికి తెలుసు. కోయంబత్తూరు నుండి మేట్టుపాళయం, ఊటీ. అక్కడినుండి కల్లట్టి ఘాట్‌లో 36 మలుపులు దిగి మసినగుడి. తెప్పకాడు మీదుగా ముదుమలై దాటి కర్ణాటకలో బండీపూర్, గుండ్లుపేట. చామరాజనగరం తిరిగి హాసనూరు, దింబం ఘాట్ 27 మలుపులు, బన్నారి, సత్యమంగళం, మళ్ళీ కోయంబత్తూరు. చూడటానికి ఒక గుండ్రటి గీత. ఆ గీతలో కొంత భాగం పులుల అభయారణ్యాల గుండా పోతుంది. ముదుమలై, బండీపూర్, సత్యమంగళం మూడూ ఒకదానికొకటి ఆనుకున్న అడవులు. 1986లో ప్రకటించిన నీలగిరి జీవావరణ మండలంలో పెద్ద భాగం ఇదే. ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో ఒక్కచోట తిరిగే అడవి ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. మనకు అది గంటన్నర, రెండు గంటల దూరంలో ఉంది. అందుకే దాని విలువ మనకు ఆనడం లేదు.

ఇక ఫోటోలు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ముఖచిత్రానికి ఎంచింది. కారు కిటికీలోంచి అరటిపండ్ల హస్తం బయటికి చాచి ఉంది, పది పన్నెండు అడుగుల దూరంలో దంతాల ఏనుగు. కింద వ్యాఖ్య "మా కొత్త స్నేహితుడు". వందల లైకులు.

అయ్యా, ఆ ఏనుగు స్నేహానికి రాలేదు. రోడ్డు మీద వాసన అలవాటైంది కాబట్టి వచ్చింది. పెద్ద ఏనుగుకు రోజుకు నూట యాభై కిలోల దాకా మేత కావాలి. దానికోసం పొద్దున్నుండి రాత్రి దాకా నడిచి గడ్డి, వెదురు, చెట్టు బెరడు తింటుంది. ఒక్క అరటి హస్తంలో అంత తీపి, అంత సులువుగా దొరికితే మళ్ళీ గడ్డి ఎందుకు పీకుతుంది? హాసనూరు, కారాపళ్ళం వైపు లారీ నడిపే మనవాళ్ళను అడగండి. చెరకు లోడుతో వచ్చే లారీలకు అడ్డంగా నిలబడి ఏనుగులు చెరకు లాక్కోవడం అక్కడ మామూలైపోయింది. డ్రైవర్లు మొదట్లో సరదాగా రెండు గడలు విసిరారు. ఇప్పుడు విసరకపోతే అవే తీసుకుంటున్నాయి. పిల్లను పక్కన పెట్టుకుని, తొండంతో టార్పాలిన్ పీకి మరీ. ఈ సంఘంలో లారీ డ్రైవర్ల కుటుంబాలు ఉన్నాయి. రాత్రి పూట క్యాబినులో ఊపిరి బిగబట్టి కూర్చునేది మన అన్నదమ్ములే. కారులో అరటిపండు ఇచ్చిన చెయ్యి ఆ సమయానికి ఊళ్ళో ఫోటోకు లైకులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

ఇంకొక సంగతి. తడాగం, తొండాముత్తూరు వైపు మనవాళ్ళకు అరటి తోటలున్నాయి. కొండ దిగి వచ్చే ఏనుగుల మంద ఒక రాత్రిలో ఏడాది కష్టం తొక్కేస్తుంది. ఆ తోటల యజమానులు మన సమావేశాల్లో ముందు వరుసలో కూర్చుని అటవీ శాఖను తిడతారు. వాళ్ళ ఇంటి గోడ మీదనే ఏనుగుకు అరటిపండు తినిపించే క్యాలెండరు తగిలించబోతున్నాం. ఇందులో వింత మీకు కనబడటం లేదా?

రెండో ఫోటో, సెల్ఫీ. ఇద్దరూ కారు దిగి రోడ్డు అంచున నిలబడ్డారు, వెనక ఆడ ఏనుగు, దాని కాళ్ళ మధ్య పిల్ల. ఆ ఏనుగు చెవులు రెండూ విప్పి, తల ఎత్తి, కదలకుండా నిలబడి ఉంది. వ్యాఖ్యలో "ఎంత శాంతంగా పోజు ఇచ్చిందో" అని రాశారు. చెవులు ఊపుకుంటూ మేస్తుంటే ఏనుగు శాంతంగా ఉందని అర్థం. చెవులు విప్పి బిగించి నిలబడితే మిమ్మల్ని కొలుస్తోందని అర్థం. పిల్ల ఉన్న తల్లి అయితే చెప్పనక్కర లేదు. 22 నెలలు కడుపులో మోసి కన్న పిల్ల అది. తమిళంలో ఒక సామెత ఉంది: ఏనుగు వెనక వస్తుంది, గంట చప్పుడు ముందు వస్తుంది అని. అది గుడి ఏనుగు సంగతి. అడవి ఏనుగుకు గంట కట్టినవాడు లేడు. అంత పెద్ద జంతువు మెత్తని పాదాల మీద మీ వెనక పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా చప్పుడు ఉండదు. 2025 ఆగస్టులో బండీపూర్ దారిలో ఒకతను ఇలాగే ఏనుగుతో సెల్ఫీకి పోతే అది తరిమి కింద పడేసింది. ప్రాణంతో బయటపడటం అదృష్టం. తరువాత అటవీ శాఖ 25,000 రూపాయలు జరిమానా వేసింది. ఆ వీడియో మన గ్రూపులోనే నాలుగుసార్లు తిరిగింది. అతణ్ణి "బుద్ధి లేనివాడు" అని రాసినవాళ్ళే ఈ సెల్ఫీకి హృదయం గుర్తు పెట్టారు. ఏనుగు తరిమితే బుద్ధి లేనివాడు, తరమకపోతే ధైర్యవంతుడు. రెండు ఫోటోల్లో మనిషి చేసింది ఒక్కటే. తేడా అంతా ఏనుగుది.

మూడోది, కారు బానెట్ మీద కోతి, చేతిలో చిప్స్ ప్యాకెట్. నవ్వొస్తుంది, నిజమే. ప్యాకెట్ తరువాత ఎక్కడికి పోయింది? ప్లాస్టిక్ వాడకాన్ని నీలగిరి జిల్లాలో ఎందుకు కట్టడి చేశారు? ఉప్పు వాసనకు జింకలు, ఏనుగులు ఆ కవర్లు కూడా మింగుతాయి. కోతి సంగతి ఇంకా పాపం. కారు ఆగితే తిండి అని నేర్చుకున్న కోతి రోడ్డు వదలదు. పిల్లను కడుపుకు కరుచుకుని ఆగిన కారు కోసం పరుగెత్తి, ఆగని కారు కింద పడుతుంది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగోది, రిసార్టు వెనక చలిమంట. పక్కన వాగు. ఎవరిది ఆ స్థలం? మసినగుడి చుట్టూ సీగూరు పీఠభూమి ఏనుగులు పడమటి కనుమల నుండి తూర్పు కనుమల వైపు నడిచే ఇరుకు దారి. ఆ దారిని 2010లో తమిళనాడు ప్రభుత్వం ఏనుగుల కారిడార్‌గా నోటిఫై చేసింది. రిసార్టుల వాళ్ళు కోర్టుకెక్కారు. 2011లో మద్రాసు హైకోర్టు, 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వం చేసింది సరే అన్నాయి. తీర్పు వచ్చి మూడు నెలలు తిరగకముందే, 2021 జనవరిలో, అదే మసినగుడిలో రాత్రి వచ్చిన ఏనుగును తరమడానికి ఒక బస స్థలం నుండి మంట పెట్టిన వస్తువు దాని తల మీదికి విసిరారు. మండుతున్న చెవితో అది చీకట్లోకి పరుగెత్తిన వీడియో దేశమంతా చూసింది. కొన్ని రోజులకు అది చనిపోయింది. లారీలో దాని తొండం పట్టుకుని అటవీ సిబ్బంది ఒకాయన ఏడ్చిన దృశ్యం మాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. "ప్రకృతి ఒడిలో బస" అని మీరు డబ్బు కట్టే గది ఎవరి దారి మీద కట్టిందో అడిగారా? గది బుక్ చేసేముందు బాత్రూములో గీజరు ఉందా అని అడుగుతాం కదా, ఇది కూడా అడగాలి. మంట సంగతి వేరే చెప్పాలా? 2019 ఫిబ్రవరిలో బండీపూర్‌లో వేల ఎకరాలు కాలిపోయాయి. ఎండాకాలం ముందే ఆ ఆకులు అప్పడాల్లా ఉంటాయి.

రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి ఒక పోలిక చెబుతాం. కోయంబత్తూరు-పాలక్కాడు లైనులో మదుక్కరై, వాళయార్ మధ్య పట్టాలు ఏనుగుల దారిని కోస్తాయి. 2021 నవంబరులో నవక్కరై దగ్గర ఒకే రాత్రి మూడు ఆడ ఏనుగులు రైలు తగిలి చనిపోయాయి. రైలు స్టీరింగు తిప్పలేదు, బ్రేకు వేసినా చాలా దూరం పోయిగాని ఆగదు. అందుకే అలాంటి చోట్ల లోకో పైలట్‌కు కాషన్ ఆర్డర్ ఇస్తారు. ఫలానా కిలోమీటరు నుండి ఫలానా కిలోమీటరు వరకు ఇంత వేగమే, హారన్ కొట్టాలి అని రాసిన కాగితం. సంతకం పెట్టి తీసుకుని, దాని ప్రకారం నడపాలి. "నాకు సరదాగా ఉంది" అని ఎవరూ దాన్ని చింపేయలేరు. 2024లో మదుక్కరైలో టవర్లు వేసి, కృత్రిమ మేధ కెమెరాలు పెట్టి ఏనుగు పట్టాల దగ్గరికి రాగానే కబురు అందే ఏర్పాటు చేశారు. ఆగలేని బండిని ఆపడానికి ఇంత ప్రయత్నం జరుగుతోంది. మన కార్లకు బ్రేకు ఉంది, స్టీరింగు ఉంది, ఎక్కడ ఆగకూడదో రాసిన బోర్డు కూడా ఉంది. మనం సరిగ్గా ఆ బోర్డు పక్కనే ఆపి ఫోటో తీసుకుంటాం!

ఆ బోర్డులు కూడా ఎవరో అధికారి సరదాకు పెట్టినవి కావు. బండీపూర్ గుండా రాత్రి 9 నుండి ఉదయం 6 దాకా వాహనాలు ఆపడం 2009లో మొదలైంది, చక్రాల కింద జంతువులు చస్తున్నాయని. కర్ణాటక హైకోర్టు 2010లో దాన్ని నిలబెట్టింది. దింబం ఘాట్‌లో రాత్రి రాకపోకలు ఆపమని 2022 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు చెప్పింది. నీలగిరికి పోయే బయటి బండ్లకు 2024 మే నుండి ఇ-పాసు పెట్టిందీ హైకోర్టు మాటతోనే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 27వ సెక్షను అభయారణ్యంలో జంతువును ఆటపట్టించకూడదు, చెత్త వేయకూడదు అని సూటిగా చెబుతుంది. అంటే మనం క్యాలెండరులో అచ్చు వేయబోయేది కేసు పెట్టడానికి తేదీతో సహా సాక్ష్యం. కింద సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంటుంది.

ఇక మాకు వచ్చిన జవాబులు.

"ఏమీ జరగలేదు కదా, ఎందుకింత రాద్ధాంతం?" అన్నారు. వాళ్ళకు జరగలేదు, సంతోషం. రోడ్డు మీద విసిగిన ఏనుగు ఆ కోపాన్ని అక్కడే దిగవిడిచి పోదు. మర్నాడు పొద్దున కట్టెలకు పోయే ఇరుళ ముసలమ్మకో, గూడలూరు టీ తోటలో పనికి పోయే కూలీకో ఎదురవుతుంది. ఆస్కార్ వచ్చిన డాక్యుమెంటరీ చూసి మనమంతా తెప్పకాడు బొమ్మన్, బెళ్ళి దంపతులను మెచ్చుకున్నాం. తల్లి లేని ఏనుగు పిల్లలను వాళ్ళు ఎలా సాకారో చూశాం. అదీ ఒక జంటే, అడవిలోనే, ఏనుగులతోనే. కాకపోతే వాళ్ళు అక్కడ బతికేవాళ్ళు. మన సరదా ఖర్చు వాళ్ళ పేరున రాసి వస్తున్నాం.

"మన ముత్తాతలు అడవులు కొట్టే కదా పొలాలు చేశారు, ఇప్పుడు నీతులా?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మనవాడే అయిన కి. రాజనారాయణన్ "గోపల్ల గ్రామం" నవలలో ఆ కథే చెప్పారు. తెలుగు సీమ వదిలి వచ్చినవాళ్ళు అడవి నరికి, కాల్చి కరిసల్ నేలను సాగుకు తెచ్చుకున్న కథ. తమిళంలో రాసినా అది మన ఇళ్ళ కథ. వాళ్ళు తలదాచుకోవడానికి, పిల్లలకు గంజి పోయడానికి ఆ పని చేశారు. అప్పుడు అడవి అంతులేనిది, మనుషులు గుప్పెడు. ఇవాళ లెక్క తిరగబడింది. వాళ్ళు ఆకలికి చేసినదాన్ని చూపించి మనం ఆటకు చేసేదాన్ని సమర్థించుకుంటే వాళ్ళకు మర్యాద కాదు.

"రైల్వే పాసులతో దేశమంతా తిరిగినవాళ్ళు మీరు, కుర్రకారును మాత్రం కదలొద్దంటారా?" ఇది ఇంకొకరి చురక. కదలండి నాయనా, తప్పకుండా పోండి! కొత్త జంట కలిసి దూరం పోవడం, దారి తప్పడం, టైరు మార్చుకోవడం, ఒకరినొకరు అర్థం చేసుకోవడం మన కాలంలో లేని భాగ్యం. మేము ఆపమంటున్నది చెయ్యి బయట పెట్టడాన్ని, కారు దిగడాన్ని.

"అలా అయితే మంచి ఫోటో రాదు" అనేది చివరి వాదన. తమిళ నవలాకారుడు మాధవయ్య కొడుకు ఎం. కృష్ణన్ పేరు మాతో తమిళంలో చదువుకున్నవాళ్ళకు గుర్తుండాలి. 1912లో పుట్టి 1996 దాకా బతికారు. పత్రికలో అడవి గురించి 1950 నుండి చనిపోయేవరకు కాలమ్ రాశారు, పద్మశ్రీ కూడా వచ్చింది. నలుపు తెలుపు ఫిల్ములో, ముక్కలు ముక్కలుగా తానే అమర్చుకున్న కెమెరాతో అడవి ఏనుగులను తీశారు. ఆయన ఫోటోల్లో ఏనుగు ఏనుగులాగే ఉంటుంది, మనిషి ఉండడు. ఇవాళ మీ జేబులో ఫోనుకున్న జూమ్ ఆయనకు లేదు, ఆయనకున్న ఓపిక మనకు లేదు.

అంత దూరం కూడా పోనక్కరలేదు. ఆ జంట పెట్టిన ఫోటోల్లోనే చివరిది ఒకటుంది, ఎవరూ పట్టించుకోలేదు, పట్టుమని పది లైకులు లేవు. ఆ అమ్మాయి మూసిన కారు అద్దంలోంచి తీసింది. అద్దం మీద వాన చుక్కలు, అవతల పొగమంచులో అడవి దున్నల మంద రోడ్డు దాటుతోంది. ముందున్నది దాటేసింది, వెనకది ఇంకా చెట్లలో ఉంది, మధ్యలో ఒక దూడ. ఒక్కటి కూడా కారు వైపు చూడటం లేదు. కారు ఆగింది వాటికి దారి ఇవ్వడానికి. మా వరండా బెంచీ మీద దాన్ని ఫోను చేతులు మార్చుకుంటూ చాలాసేపు చూశాం. ముఖచిత్రం కావలసింది అదే.

కాబట్టి సమావేశంలో మేము పెట్టబోయే సవరణలు ఇవి. మొదటిది, తిండి పెట్టే ఫోటో, సెల్ఫీ, కోతి, చలిమంట ఈ నాలుగూ క్యాలెండరులో వద్దు. ముఖచిత్రంగా అడవి దున్నల ఫోటో, కింద తీసిన అమ్మాయి పేరు, ఆమె ఒప్పుకుంటే. రెండోది, పొంగల్ యాత్ర ఉండనివ్వండి, అయితే చూడటం తెప్పకాడులో అటవీ శాఖ నడిపే వ్యానులోనే. అక్కడి శిబిరంలో ఏనుగులకు రాగి, ఉలవలు, బెల్లం కలిపి ముద్దలు చేసి పెట్టే వేళ చూడండి, పిల్లలకు అంతకన్నా పండుగ ఉండదు. అక్కడ కూడా ఏ ఏనుగుకు ఎంత పెట్టాలో పశువైద్యుడు చెబుతాడు, చూడటానికి వచ్చినవాళ్ళు కాదు. మూడోది, బస ఏ ఊళ్ళో అయినా సరే, అనుమతి కాగితం చూపించని చోట ఒక్క రాత్రి కూడా వద్దు. నాలుగోది, చీకటి పడకముందే రెండు వ్యాన్లూ అడవి దాటాలి. మన కాషన్ ఆర్డర్ ఇదని ప్రతి వ్యాను డ్రైవరు చేతికి కాగితం ఇద్దాం, రాసి పెట్టే బాధ్యత మాది.

తోటలున్నవాళ్ళు, లారీ నడిపేవాళ్ళు ఈసారి సమావేశానికి తప్పకుండా రండి. మీరు రాకపోతే చప్పట్లు కొట్టేవాళ్ళే ఉంటారు. ఆ జంటను కూడా పిలిచాం, ఆ అబ్బాయి నాన్నగారితో ఫోనులో మాట్లాడాం. కోపం వచ్చినట్టుంది, అయినా వస్తామన్నారు. వచ్చి ఎదురుగా వాదించనివ్వండి, వింటాం. ఓటు మాత్రం ఆలోచించి వేయండి. క్యాలెండరు ప్రెస్సుకు పోయాక మాట్లాడి లాభం లేదు.